రెండు గ్రాఫిక్స్ కార్డుల సిస్టమ్‌లో మానిటర్ వెలగకపోతే ఏది ముందు చూడాలి, ఏది తర్వాత

షేర్ మార్కెట్ ట్రేడింగ్ చేసేవాళ్ల ఇళ్లలో, వీడియో ఎడిటింగ్ స్టూడియోల్లో, సీసీ కెమెరాల కంట్రోల్ రూముల్లో ఒకే కంప్యూటర్‌కి నాలుగైదు మానిటర్లు కనిపించడం మామూలైపోయింది. ఒక గ్రాఫిక్స్ కార్డుకున్న పోర్టులు చాలక రెండో కార్డు కూడా పెడతారు. అన్నీ వెలిగినంత కాలం హాయిగానే ఉంటుంది. ఒక రోజు పొద్దున్నే వాటిలో రెండు 'నో సిగ్నల్' అని చూపించి నల్లబడితే టెన్షన్ మొదలవుతుంది. చాలామంది అప్పుడు నేరుగా డ్రైవర్ (కార్డును విండోస్‌తో నడిపించే సాఫ్ట్‌వేర్) మీద పడతారు. దాంతో కుదరకపోతే విండోస్ ఫార్మాట్ చేయిస్తారు. ఫార్మాట్ అయ్యాక కూడా అవే రెండు మానిటర్లు నల్లగా ఉంటాయి. ఎందుకంటే లోపం కేబుల్‌లోనో, కార్డు దూర్చే స్లాట్‌లోనో, విండోస్ కన్నా ముందు నడిచే మదర్‌బోర్డు సెట్టింగులైన బయాస్‌లోనో ఉండిపోయింది.

ఇలాంటి సిస్టమ్‌లో వెతకడానికి ఒక వరస ఉంది. ముందు కేబుళ్లు, తర్వాత కార్డులు, ఆ తర్వాత బయాస్, చివరికి డ్రైవర్లు. ఈ వరసలో వెళ్తే ఏ మెట్టు దగ్గర ఆగాలో మీకే తెలుస్తుంది, అనవసరంగా డబ్బూ పోదు.

ఒక సిస్టమ్‌ను ఉదాహరణగా పెట్టుకుందాం. ఇంటెల్ ఐ5 12400 ప్రాసెసర్, బి660 మదర్‌బోర్డు. పై స్లాట్‌లో జీటీఎక్స్ 1650 కార్డు, దానికి డిస్‌ప్లేపోర్ట్, హెచ్‌డీఎంఐ, డీవీఐ అని మూడు పోర్టులు. కింది స్లాట్‌లో పాత జీటీ 710 కార్డు, దానికి హెచ్‌డీఎంఐ, డీవీఐ, వీజీఏ. మొత్తం ఐదు మానిటర్లు, విండోస్ 11. ట్రేడింగ్ చేసేవాళ్ల దగ్గర ఇలాంటి జోడీ బాగా కనిపిస్తుంది, ఎందుకంటే చార్టులు చూడ్డానికి పెద్ద కార్డు అక్కర్లేదు, పోర్టులు ఉంటే చాలు.

పనికి కూర్చునే ముందు ఒక్క మాట. మీది ట్రేడింగ్ సిస్టమ్ అయితే 9:15కి మార్కెట్ తెరుచుకోబోతుండగా ఇవేవీ మొదలుపెట్టకండి. ఆ పూటకి వెలుగుతున్న మానిటర్లతోనే లాగించేయండి. శనివారం తీరిగ్గా చేయండి. తొందరలో ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో తేల్చడం ఎవరి వల్లా కాదు.

మొదటి మెట్టు: ఏ తీగ ఎక్కడికి వెళ్తోందో కాగితం మీద రాయండి

క్యాబినెట్‌ను బయటికి లాగి వెనక వైపు ఫోన్‌తో ఫొటో తీసుకోండి. కేబుల్ రెండు చివర్లకీ తెల్ల టేపు ముక్క అంటించి ఒకే నంబర్ వేయండి. తర్వాత ఒక కాగితం మీద ఇలా రాయండి: 1వ మానిటర్, పై కార్డు, డిస్‌ప్లేపోర్ట్. 2వ మానిటర్, పై కార్డు, హెచ్‌డీఎంఐ. ఇలా ఐదూ రాయండి. ఏవి వెలుగుతున్నాయో, ఏవి లేదో పక్కన గుర్తు పెట్టండి.

ఈ కాగితం చూడగానే సగం విషయం తేలిపోతుంది. వెలగని రెండు మానిటర్లూ ఒకే కార్డువైతే గొడవ ఆ కార్డుది, లేదా దాని స్లాట్‌ది, డ్రైవర్‌ది. ఒకటి పై కార్డుదీ ఒకటి కింది కార్డుదీ అయితే కార్డులను అనుమానించే ముందు కేబుళ్లనూ మానిటర్లనూ అనుమానించాలి. ఇక వెలగని మానిటర్ తీగ మదర్‌బోర్డు పోర్టుకి వెళ్తోందనుకోండి, అది బయాస్ విషయం, దాని గురించి ఐదో మెట్టులో చెప్తాను. ఫోన్ చేసి సహాయం అడిగేవాళ్లను నేను మొదట అడిగే ప్రశ్న కూడా ఇదే: ఆ తీగ రెండో చివర ఎక్కడుంది? చాలామంది 'సీపీయూకి పెట్టాను' అంటారు. క్యాబినెట్ వెనక మూడు చోట్ల హెచ్‌డీఎంఐ పోర్టులు ఉన్న సిస్టమ్‌లో ఆ జవాబుతో పని జరగదు.

పోర్టు ఏ కార్డుదో గుర్తుపట్టడం తేలికే. యూఎస్‌బీ, లాన్, ఆడియో జాక్‌ల పక్కన నిలువు వరసలో ఉన్న పోర్టులు మదర్‌బోర్డువి. వాటికి కింద, అడ్డంగా ఉన్న రేకు పట్టీల మీద ఉన్నవి గ్రాఫిక్స్ కార్డులవి.

రెండో మెట్టు: కేబుల్, కన్వర్టర్, మానిటర్

వెలగని మానిటర్ కేబుల్‌ను, వెలుగుతున్న మానిటర్ కేబుల్‌తో మార్చి చూడండి. కార్డు వైపు చివర కదపకుండా మానిటర్ వైపు మాత్రమే మార్చండి. నల్లదనం కేబుల్‌తో పాటు పక్క మానిటర్‌కి వెళ్లిపోయిందంటే మానిటర్ మంచిదే, తప్పు కేబుల్‌ది లేదా పోర్టుది. నల్లదనం అదే మానిటర్‌కి అంటిపెట్టుకుని ఉంటే ఆ మానిటర్ మెనూలోకి వెళ్లి ఇన్‌పుట్ సోర్స్ చూడండి. తీగ హెచ్‌డీఎంఐకి పెట్టి, సోర్స్ వీజీఏలో ఉంచితే సిగ్నల్ ఎక్కడి నుంచి వస్తుంది? ఆటో అని పెట్టినా కొన్ని మానిటర్లు నిద్రలోంచి లేచినప్పుడు సోర్స్ సరిగా పట్టుకోవు. మీరు వాడే సోర్స్‌నే గట్టిగా ఎంచి పెట్టేయడం మంచిది.

ఐదు మానిటర్లున్న చోట కన్వర్టర్లు తప్పవు. తలనొప్పులు ఎక్కువగా పుట్టేది కూడా అక్కడే కాబట్టి ఇక్కడ కాస్త ఆగి చూద్దాం.

డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లే కేబుల్ ఒకవైపే పనిచేస్తుంది. కార్డు చివర డిస్‌ప్లేపోర్ట్, మానిటర్ చివర హెచ్‌డీఎంఐ ఉండాలి. దాన్నే తిప్పి కార్డు హెచ్‌డీఎంఐ నుంచి మానిటర్ డిస్‌ప్లేపోర్ట్‌కి పెడితే ఏమీ రాదు. రెండు చివర్లూ చక్కగా దూరుతాయి కాబట్టి తేడా తెలీదు. ఆ దిశలో వెళ్లాలంటే వేరే కన్వర్టర్ కొనాలి, దానికి విడిగా యూఎస్‌బీ పవర్ కూడా ఇవ్వాల్సి రావచ్చు.

డీవీఐ పోర్టుల్లో రెండు రకాలున్నాయి. పోర్టును టార్చి వేసి దగ్గరగా చూడండి. ఒక పక్కన పొడుగ్గా, పలచగా ఒక గాడి ఉంటుంది. దాని చుట్టూ పైన రెండు, కింద రెండు చిన్న రంధ్రాలు ఉంటే అది డీవీఐ-ఐ, అంటే అందులోంచి వీజీఏ సిగ్నల్ కూడా వస్తుంది. ఆ నాలుగు రంధ్రాలూ లేకపోతే అది డీవీఐ-డి, అందులో డిజిటల్ సిగ్నల్ ఒక్కటే. చవకగా దొరికే డీవీఐ-వీజీఏ అడాప్టర్ డీవీఐ-డికి ఎందుకూ పనికిరాదు. ఎన్విడియా కంపెనీ (మన రెండు కార్డుల చిప్‌లూ దానివే) జీటీఎక్స్ 10 సిరీస్ నుంచి అనలాగ్ సిగ్నల్‌నే తీసేసింది కాబట్టి, మన ఉదాహరణలోని 1650 నుంచి వీజీఏ మానిటర్‌కి వెళ్లాలంటే లోపల చిప్ ఉన్న కన్వర్టరే కావాలి.

వీజీఏ మానిటర్ వెలుగుతోంది, కానీ అక్షరాలు సాగిపోయి 1024×768 దగ్గరే ఆగిపోయిందా? డివైస్ మేనేజర్‌లో (ఎలా తెరవాలో మూడో మెట్టులో ఉంది) ఆ మానిటర్ పేరు 'జెనరిక్ నాన్ పీఎన్‌పీ మానిటర్' అని ఉందా? అయితే కేబుల్ చివరి పిన్నులు చూడండి. మానిటర్ తన వివరాలు కార్డుకి చెప్పుకునేది 12, 15 నంబర్ పిన్నుల ద్వారా. అవి వంగినా, చవక కేబుల్‌లో అసలు లేకపోయినా బొమ్మ వస్తుంది కానీ సరైన రిజల్యూషన్ రాదు.

డిస్‌ప్లేపోర్ట్ కేబుల్‌లో ఇంకో దొంగ లోపం ఉంది. ప్రమాణం ప్రకారం కేబుల్‌లో 20వ పిన్ను రెండు చివర్లకీ కలపకూడదు. నాసిరకం కేబుళ్లలో కలిపేస్తారు. అప్పుడు మానిటర్ నుంచి 3.3 వోల్టుల కరెంటు వెనక్కి కార్డులోకి వస్తుంది. సిస్టమ్ ఆఫ్ చేసినా లోపల ఏదో లైటు మినుకుమంటుండటం, ఆన్ చేస్తే బూట్ కాకపోవడం, ఆ ఒక్క కేబుల్ పీకగానే చక్కగా బూట్ కావడం దీని లక్షణాలు. ఆ కేబుల్‌ను పక్కన పెట్టడం కాదు, పారేయండి. ఇంట్లో ఉంటే ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ వాడతారు. అన్నట్టు, డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ పీకేటప్పుడు తల మీదున్న బొత్తాం నొక్కి పట్టుకుని లాగాలి. బలంగా లాగితే పోర్టే ఊడివస్తుంది.

హెచ్‌డీఎంఐ స్ప్లిటర్‌తో రెండు మానిటర్లు పెట్టి, రెండింట్లోనూ ఒకే బొమ్మ వస్తోందని బాధపడేవాళ్లు చాలామంది ఉన్నారు. స్ప్లిటర్ చేసే పనే అది. ఒక సిగ్నల్‌ను రెండుగా పంచుతుంది, రెండో డెస్క్‌టాప్‌ను పుట్టించలేదు. దాన్ని సెట్టింగులతో బాగుచేయడం కుదరదు.

మూడో మెట్టు: విండోస్‌కి ఏం కనిపిస్తోంది

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. అందులో డిస్‌ప్లే అడాప్టర్స్ విప్పండి. రెండు కార్డుల పేర్లూ ఉండాలి. ఇక్కడ మీకు కనిపించేవాటిని బట్టి దారి మారుతుంది.

రెండు పేర్లూ శుభ్రంగా ఉన్నాయంటే కార్డులు, స్లాట్లు, డ్రైవర్లు బాగున్నట్టే. విండోస్ కీ, పి కలిపి నొక్కి 'ఎక్స్‌టెండ్' ఎంచుకోండి. తర్వాత సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే తెరిచి, మల్టిపుల్ డిస్‌ప్లేస్ కింద 'డిటెక్ట్' నొక్కండి. నల్లగా ఉన్న మానిటర్ డబ్బా బూడిద రంగులో కనిపిస్తే దాని మీద క్లిక్ చేసి 'ఎక్స్‌టెండ్ డెస్క్‌టాప్ టు దిస్ డిస్‌ప్లే' పెట్టండి. అదే పేజీలో కింద అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే ఉంటుంది. అక్కడ ఒక్కో మానిటర్‌ను ఎంచుకుంటే అది ఏ కార్డుకి కలిసి ఉందో పేరుతో సహా చూపిస్తుంది. మీరు కాగితం మీద రాసుకున్నదానితో పోల్చి చూసుకోండి.

ఒక కార్డు పేరుకి బదులు 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్' అని ఉంటే కార్డు దొరికింది, డ్రైవర్ దొరకలేదు. నేరుగా ఆరో మెట్టుకి వెళ్లండి. పేరు పక్కన పసుపు గుర్తు ఉంటే దాని మీద రెండుసార్లు క్లిక్ చేసి కోడ్ నంబర్ రాసుకోండి. కోడ్ 43 అంటే పరికరంలో సమస్య ఉందని డ్రైవర్ చెప్పడంతో విండోస్ దాన్ని ఆపేసింది. కోడ్ 12 అంటే కార్డుకి ఇవ్వాల్సిన వనరులు, ముఖ్యంగా మెమరీ అడ్రస్‌లు, చాలడం లేదు. బయాస్‌లో 'ఎబౌ 4జీ డీకోడింగ్' అనే ఆప్షన్ ఆన్ చేస్తే ఇది చాలావరకు పోతుంది. కాకపోతే పాత పద్ధతిలో బూట్ అయ్యేలా విండోస్ వేసిన సిస్టమ్‌లో ఆ ఆప్షన్ ముట్టుకునే ముందు డేటా బ్యాకప్ తీసుకోండి.

అసలు రెండో కార్డు పేరే లేకపోతే డ్రైవర్ల జోలికి వెళ్లకండి. క్యాబినెట్ విప్పాల్సిందే.

నాలుగో మెట్టు: క్యాబినెట్ విప్పి ఒక్కో కార్డు విడిగా చూడటం

సిస్టమ్ షట్‌డౌన్ చేసి, ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకి కరెంటు ఇచ్చే డబ్బా) పవర్ కార్డ్ పీకేయండి. పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు పోతుంది. కార్డు తాకే ముందు క్యాబినెట్ లోపలి రంగు లేని ఇనుప భాగాన్ని ముట్టుకోండి, ఒంట్లో ఉన్న స్టాటిక్ పోతుంది.

రెండు కార్డులనూ తీసేయండి. స్లాట్ చివర చిన్న ప్లాస్టిక్ గొళ్లెం ఉంటుంది, దాన్ని నొక్కి కార్డును నిలువుగా పైకి లాగాలి. గొళ్లెం నొక్కకుండా ఊపితే స్లాటే పగులుతుంది. కార్డు అడుగున బంగారు రంగు కాంటాక్టులు నల్లబడి ఉంటే మెత్తని తెల్ల రబ్బరుతో తేలిగ్గా రుద్ది, పొడి దులిపేయండి. సముద్రం దగ్గరి ఊళ్లలో, విశాఖ, కాకినాడ లాంటి చోట్ల గాలి ఉప్పుకి ఈ కాంటాక్టులు త్వరగా మసకబారతాయి.

ఇప్పుడు అనుమానం ఉన్న కార్డును ఒక్కదాన్నే పై స్లాట్‌లో పెట్టి, ఒక్క మానిటర్‌తో ఆన్ చేయండి. వెలిగితే కార్డు బతికే ఉంది. దాని మిగతా పోర్టులు కూడా అదే మానిటర్‌తో ఒక్కొక్కటే చూసేయండి. వెలగకపోతే రెండో కార్డును అదే స్లాట్‌లో పెట్టి చూడండి. అది వెలిగితే మొదటి కార్డు పోయినట్టు. ఇలా స్లాటూ, కేబులూ, మానిటరూ మార్చకుండా కార్డును మాత్రమే మార్చారు కాబట్టి ఈ తీర్పును నమ్మవచ్చు.

కార్డులు రెండూ మంచివే, కింది స్లాట్‌లో మాత్రం ఏ కార్డూ కనిపించడం లేదా? మదర్‌బోర్డు పుస్తకం తీయండి. పోతే బోర్డు మోడల్ పేరుతో కంపెనీ సైట్‌లో పీడీఎఫ్ దొరుకుతుంది. చాలా బోర్డుల్లో కింది పొడుగు స్లాటు చూడ్డానికి పై స్లాట్‌లాగే ఉన్నా లోపల నాలుగు లేన్లే (డేటా వెళ్లే దారులు) ఉంటాయి. కొన్ని బోర్డుల్లో ఆ లేన్లను ఎం.2 ఎస్‌ఎస్‌డీ స్లాట్‌తో పంచుకుంటారు. అక్కడ ఎస్‌ఎస్‌డీ పెట్టగానే ఇక్కడ స్లాటు ఆగిపోతుంది. 'మొన్న కొత్త ఎస్‌ఎస్‌డీ వేయించాం, అప్పట్నుంచే' అనే మాట వినిపిస్తే ముందు చూడాల్సింది ఇదే. ఎస్‌ఎస్‌డీని వేరే ఎం.2 స్లాట్‌కి మారిస్తే సరిపోవచ్చు. నాలుగు లేన్లతో మానిటర్ నడవదేమో అని భయపడక్కర్లేదు, చార్టులకీ బ్రౌజర్లకీ అవి బోలెడు.

పవర్ సంగతి. స్లాటు గ్రాఫిక్స్ కార్డుకి 75 వాట్ల వరకే ఇవ్వగలదు. అంతకు మించి తాగే కార్డులకి ఎస్‌ఎంపీఎస్ నుంచి విడిగా వైరు రావాలి: 6 పిన్నులది 75 వాట్లు, 8 పిన్నులది 150 వాట్లు. జీటీ 710 వాడేది 19 వాట్లే కాబట్టి అది ఎస్‌ఎంపీఎస్‌కి భారం కాదు. కానీ రెండోదిగా పాత గేమింగ్ కార్డు పెడితే లెక్క మారిపోతుంది. మానిటర్లు మామూలుగా బాగుండి, వీడియో ఎక్స్‌పోర్ట్ మొదలుపెట్టగానే సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంటే ముందుగా ఎస్‌ఎంపీఎస్‌నే అనుమానించండి.

ఐదో మెట్టు: బయాస్

ఇక్కడ చూడాల్సినవి రెండే. సిస్టమ్ ఆన్ కాగానే డిలీట్ కానీ ఎఫ్2 కానీ తడుతూ ఉంటే బయాస్ తెరుచుకుంటుంది.

మొదటిది, ప్రైమరీ డిస్‌ప్లే. బోర్డును బట్టి ప్రైమరీ డిస్‌ప్లే అనో, ఇనీషియల్ డిస్‌ప్లే అవుట్‌పుట్ అనో ఉంటుంది. కంపెనీ లోగో, బయాస్ తెర ఏ కార్డు మీద రావాలో ఇది చెప్తుంది. ఆన్ చేయగానే అన్నీ నల్లగా ఉండి, విండోస్ వచ్చాక వెలిగితే కంగారు పడకండి. లోగో మీరు చూడని మానిటర్ మీద వస్తూ ఉండవచ్చు. దీన్ని పై స్లాట్ కార్డుకి పెట్టండి.

రెండోది, ప్రాసెసర్‌లోనే ఉన్న గ్రాఫిక్స్. కార్డు పెట్టగానే చాలా బోర్డులు దాన్ని ఆపేస్తాయి, అందుకే మదర్‌బోర్డు హెచ్‌డీఎంఐకి పెట్టిన మానిటర్ వెలగదు. అసుస్ బోర్డుల్లో అడ్వాన్స్‌డ్, సిస్టమ్ ఏజెంట్ కాన్ఫిగరేషన్, గ్రాఫిక్స్ కాన్ఫిగరేషన్ లోపల 'ఐజీపీయూ మల్టీ మానిటర్' అని ఉంటుంది. ఎంఎస్‌ఐలో 'ఐజీడీ మల్టీ మానిటర్' అంటారు. గిగాబైట్‌లో 'ఇంటర్నల్ గ్రాఫిక్స్'ను ఆటో నుంచి ఎనేబుల్డ్‌కి మార్చాలి. మార్చి, ఎఫ్10 నొక్కి సేవ్ చేయండి.

ముందు మీ ప్రాసెసర్‌కి గ్రాఫిక్స్ ఉందో లేదో చూసుకోండి. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉంటే లేదు: 12400కి ఉంది, 12400ఎఫ్‌కి లేదు. ఏఎండీ రైజెన్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో 5000 సిరీస్ దాకా అంకెల తర్వాత జి ఉన్నవాటికే ఉండేది. 7000 సిరీస్ నుంచి ఎఫ్ లేనివాటిలో దాదాపు అన్నిటికీ చిన్న గ్రాఫిక్స్ ఇచ్చారు.

మన ఉదాహరణకి ఇదే అసలు మందు. 12400లో ఉన్న గ్రాఫిక్స్ ఒక్కటే నాలుగు మానిటర్ల దాకా నడపగలదు. బోర్డుకి హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ రెండూ ఉంటే అక్కడ రెండు, 1650కి మూడు, మొత్తం ఐదు. జీటీ 710తో పనే లేదు. రెండో కార్డు కొనమని చెప్పిన షాపువాళ్లు ఈ ముక్క ముందే చెప్పి ఉంటే ఎంతోమందికి ఖర్చూ తలనొప్పీ తప్పేవి. దుకాణానికి వెళ్లే ముందు, అది సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ అయినా మీ ఊరి కంప్యూటర్ షాపు అయినా, మీ ప్రాసెసర్ పూర్తి పేరు, బోర్డు వెనక పోర్టుల ఫొటో ఫోన్‌లో ఉంచుకోండి.

ఆరో మెట్టు: డ్రైవర్లు

ఇంత దూరం వచ్చాక కూడా సమస్య పోలేదంటే ఇప్పుడు డ్రైవర్ వంతు.

రెండు కార్డులు వేర్వేరు కంపెనీలవైతే, అంటే ఒకటి ఎన్విడియా, ఒకటి ఏఎండీ లేదా ఇంటెల్ అయితే పెద్ద ఇబ్బంది లేదు. విస్టా కాలంలో కార్డులన్నీ ఒకే డ్రైవర్ మీద నడవాలనే షరతు ఉండేది. 2009లో వచ్చిన విండోస్ 7 ఆ షరతు తీసేసింది. ఎవరి డ్రైవర్ వాళ్లది, పక్కపక్కనే నడుస్తాయి.

చిక్కంతా రెండూ ఎన్విడియావై, వేర్వేరు తరాలవి అయినప్పుడే. రెండింటికీ కలిపి ఒకే డ్రైవర్ ప్యాకేజీ వేస్తారు, అందులో రెండు కార్డుల పేర్లూ ఉండాలి. జీటీ 710 కెప్లర్ తరం కార్డు. 2021 అక్టోబరులో వచ్చిన 496 డ్రైవర్ నుంచి ఎన్విడియా కెప్లర్‌ను తీసేసింది. అంటే మీరు 1650 కోసం కొత్త డ్రైవర్ వేసిన మరుక్షణం 710 బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్‌గా మిగిలిపోతుంది, దాని మానిటర్లు నల్లబడతాయి. మీరు ఏమీ చేయకపోయినా విండోస్ అప్‌డేట్ తనంతట తను కొత్త డ్రైవర్ వేసి ఈ పని చేయగలదు. నిన్న రాత్రి దాకా పనిచేసి, పొద్దున అప్‌డేట్ తర్వాత పోయిందంటే కారణం దాదాపు ఇదే.

2021 సెప్టెంబరులో వచ్చిన 472.12 డ్రైవర్‌లో కెప్లర్ కార్డులూ 1650 కూడా ఉన్నాయి. అది వేస్తే రెండూ లేస్తాయి. అత్యవసరానికి ఇది పనికొస్తుంది. కానీ బ్యాంకు, డీమ్యాట్ ఖాతాలు తెరిచే సిస్టమ్‌లో అన్నేళ్ల పాత డ్రైవర్‌ను శాశ్వతంగా ఉంచడం నాకు ఇష్టం లేదు. తర్వాత బయటపడిన భద్రతా లోపాలకు అందులో మందు ఉండదు. పై కార్డు ఆర్‌టిఎక్స్ 40 సిరీస్‌ది అయితే ఈ దారి కూడా లేదు, ఎందుకంటే ఆ కార్డులు పుట్టక ముందటి డ్రైవర్ అది.

జీటీ 730 కొనబోతున్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఆ ఒక్క పేరుతో కెప్లర్ చిప్ ఉన్నవీ, అంతకన్నా పాత ఫెర్మీ చిప్ ఉన్నవీ అమ్మారు. ఫెర్మీకి మామూలు డ్రైవర్లు 2018లోనే ఆగిపోయాయి. జీటీ 1030, 1050 లాంటి పాస్కల్ తరం కార్డులకి కూడా 2025 నాటి 580 సిరీసే చివరిది, ఆ పైన సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రమే. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేక రెండో కార్డు తప్పదనుకుంటే మొదటి కార్డు తరానిదే ఇంకోటి వెతకండి. 1650 పక్కన ఇంకో 1650 పెడితే ఒకే డ్రైవర్, ఒకే ఆయుష్షు. రెండు కార్డుల మధ్య ఎస్‌ఎల్‌ఐ బ్రిడ్జి (రెండు కార్డులను ఒకే కార్డులా పనిచేయించే ముక్క) లాంటివి ఏవీ అక్కర్లేదు. ఎక్కువ మానిటర్లకీ దానికీ సంబంధం లేదు, పైగా ఎస్‌ఎల్‌ఐ ఆన్ చేస్తే రెండో కార్డు పోర్టులు ఆగిపోవచ్చు.

డ్రైవర్‌ను శుభ్రంగా మార్చే పద్ధతి ఇది. కావాల్సిన డ్రైవర్‌ను ముందే కంపెనీ సైట్ నుంచి దించుకోండి. డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ఉచిత టూల్ కూడా దించుకోండి, అందరూ దాన్ని డీడీయూ అంటారు. ఇంటర్నెట్ కేబుల్ పీకేయండి, వైఫై ఆపేయండి. లేకపోతే మీరు తీసిన డ్రైవర్‌ను విండోస్ మీ వెనకాలే మళ్లీ వేసేస్తుంది. షిఫ్ట్ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ కొట్టి సేఫ్ మోడ్‌లోకి వెళ్లండి. సిస్టమ్‌లో బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ సదుపాయం) ఆన్‌లో ఉంటే రికవరీ కీ దగ్గర పెట్టుకున్నాకే ఇది చేయండి. డీడీయూతో పాత డ్రైవర్ తీసి, రీస్టార్ట్ చేసి, కొత్తది వేయండి. రెండు కార్డులూ బిగించి ఉండగానే వేయాలి, అప్పుడే ఇన్‌స్టాలర్ రెండింటినీ చూస్తుంది. పని అయ్యాక షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్ చేయండి. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా దిగిపోదు.

అన్నీ వెలిగాయి, కానీ...

కింది కార్డు మానిటర్‌లో వీడియో ఆగి ఆగి వస్తుంటే అది లోపం కాదు. ప్రోగ్రామ్ బొమ్మను పై కార్డు గీసి, కింది కార్డుకి కాపీ చేసి చూపించాల్సి వస్తోంది. కదలిక ఎక్కువగా ఉండే పనులు పై కార్డు మానిటర్లలో, కదలనివి కింది కార్డు మానిటర్లలో పెట్టుకోండి. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోని గ్రాఫిక్స్ పేజీలో ఒక్కో ప్రోగ్రామ్ ఏ కార్డు మీద నడవాలో ఎంచుకునే వీలుంది. బ్రౌజర్ ఒక్కటే సతాయిస్తుంటే దాని సెట్టింగుల్లో గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ ఆపి చూడండి.

సిస్టమ్ నిద్రలోంచి లేచినప్పుడు ఒక మానిటర్ నల్లగా ఉండిపోతే విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి. తెర ఒకసారి ఆరి, బీప్ శబ్దంతో డిస్‌ప్లే డ్రైవర్ తిరిగి మొదలవుతుంది. తెరిచి ఉన్న ప్రోగ్రాములు సాధారణంగా అలాగే ఉంటాయి, అయినా వీలైతే పని సేవ్ చేసుకోండి. రోజూ ఇదే జరుగుతుంటే పవర్ ఆప్షన్స్‌లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ కింద ఉన్న లింక్ స్టేట్ పవర్ మేనేజ్‌మెంట్‌ను ఆఫ్ చేయండి.

కరెంటు రెప్పపాటు పోయి వచ్చినప్పుడల్లా కిటికీలన్నీ ఒకే మానిటర్‌లో కుప్పపడుతున్నాయా? క్యాబినెట్ యూపీఎస్ మీద, మానిటర్లు మామూలు ప్లగ్గు మీద ఉన్నాయన్నమాట. మానిటర్లు ఆరిపోయి వచ్చేసరికి, వాటిని పీకి మళ్లీ పెట్టారని విండోస్ అనుకుంటుంది. విండోస్ 11లో మల్టిపుల్ డిస్‌ప్లేస్ కింద 'రిమెంబర్ విండో లొకేషన్స్' అనే టిక్ పెడితే చాలావరకు వాటి చోట్లకి అవి వెళ్తాయి. అసలు పరిష్కారం మానిటర్లను కూడా యూపీఎస్ మీదకి తేవడమే, కానీ ముందు లెక్క కట్టండి. 600 వీఏ యూపీఎస్‌లు సాధారణంగా మోయగలిగేది 360 వాట్లే. ఒక్కోటి 25 వాట్ల చొప్పున ఐదు మానిటర్లకి 125 పోతే సిస్టమ్‌కి మిగిలేది 235. జీటీఎక్స్ 1650 సిస్టమ్‌కి అది సరిపోతుంది. ఆర్‌టిఎక్స్ 3060 లాంటి కార్డు ఒక్కటే 170 వాట్లు తాగుతుంది కాబట్టి దానికి 1000 వీఏకి తగ్గకుండా తీసుకోండి.